కోమాలో ఉన్న కోడలి తరఫున అర్జీ

మల్లేపూడిలో ఏ సినిమా అయినా రెండుచోట్ల విడుదలయ్యేది. మొదట థియేటర్లో, ఆ మర్నాడు వాసంశెట్టి సత్యవేణి పిండిమర దగ్గర. థియేటర్లో జనం ఈలలు వేసి గొంతులు పోగొట్టుకున్న సినిమాలు కూడా పిండిమర గడప దగ్గరికి వచ్చేసరికి నీరుగారిపోయేవి. ఆవిడ నోటివెంట ఒక సినిమా బాగుందనిగానీ, ఒక పాట వినసొంపుగా ఉందనిగానీ, ఒక సీరియల్ చూడదగ్గదనిగానీ వచ్చినట్టు ఊళ్లో ఎవరికీ జ్ఞాపకం లేదు.

అలాగని చూడటం మానేసే మనిషి కాదు. కొత్త సినిమా వస్తే మొదటి ఆటకే వెళ్లేది. విశ్రాంతి దాకా కథ మొదలవలేదనీ, విశ్రాంతి తర్వాత ఎంతకీ అయిపోలేదనీ తీర్పు చెప్పేది. ఈ కాలపు పాటల్లో డప్పు ఎక్కువ, మాట తక్కువ అనీ, ఆ కాస్త మాటా అర్థమైనప్పుడు డప్పే నయమనిపిస్తుందనీ అనేది. టీవీలో పిల్లల పాటల పోటీ చూసి, పిల్ల నోరు తెరవకముందే జడ్జీలు కళ్లు తుడుచుకుంటున్నారు, ఈ పోటీ పాడేవాళ్లకా ఏడ్చేవాళ్లకా అని అడిగేది. ఆడవాళ్లు కిలో బియ్యం పట్టించుకోడానికి వచ్చి, మోటారు ఎప్పుడు ఆపుతుందా, నోరెప్పుడు విప్పుతుందా అని పూటంతా కాచుకుని కూర్చునేవారు.

ఆవిడ నోట్లో అన్నిటికన్నా ఎక్కువ నలిగిన సీరియల్ 'గడప దాటని కోడలు'. రోజూ సాయంత్రం ఏడున్నరకి వచ్చేది. అందులో మృదుల అనే కోడలు దసరానాడు మేడమెట్ల మీంచి పడి కోమాలోకి వెళ్లింది. అత్తగారు మహారాణీదేవి ఆస్తి కోసం రోజూ ఆసుపత్రికి వచ్చి సెలైన్ సీసాలో ఏదో కలిపి పోయేది. మొగుడు పెళ్లికొడుకులా ముస్తాబై మంచం పక్కనే కూర్చుని, సీసా తప్ప అన్నీ చూసేవాడు. దీన్ని రాసినవాడి చెయ్యి విరగా అని సత్యవేణి రోజూ తిట్టేది. ఏడున్నరకి కరెంటు పోతే మాత్రం లైన్‌మ్యాన్ ఇంటిమీదకి యుద్ధానికి వెళ్లేది. ఆవిడకి మృదులంటే ప్రాణం. ఆ ప్రాణాన్ని తిట్ల రూపంలో తప్ప బయటపెట్టడం చేతకాదు, అంతే.

ఇలాంటి మనిషి ఉన్న ఊళ్లోకి 'సంపూర్ణ సంతృప్తి' పథకం వచ్చిపడింది.

పథకం గొప్పది. ప్రతి సోమవారం మండలాఫీసులో ప్రజల అర్జీలు తీసుకోవాలి. వచ్చిన అర్జీని తిప్పి పంపడానికి వీల్లేదు. అంతకుముందు కంప్యూటర్లో 'మా పరిధిలోకి రాదు' అని ఒక మీట ఉండేది. అధికారులు పగిలిన మంచినీళ్ల పైపు దగ్గర్నుంచి పడిపోయిన బడిగోడ దాకా అన్నిటికీ అదే నొక్కుతున్నారని తెలిసి, పైవాళ్లు ఆ మీటనే తీసేశారు. ఇక అర్జీని మూయాలంటే ఒకటే దారి. అర్జీదారుకి ఫోన్ వస్తుంది, సంతృప్తిగా ఉన్నారా అని అడుగుతుంది, ఉన్నానని ఆ మనిషి తన నోటితో అనాలి. అనకపోతే అర్జీ ఇంకో మెట్టు పైకెక్కుతుంది. అసలు అర్జీలే రాని మండలానికీ, శాఖకీ కూడా సంజాయిషీ తప్పదు, ప్రజలకి పాలన మీద నమ్మకం పోయిందని లెక్క.

ఆ సోమవారం సత్యవేణి మరకి కరెంటు చాలక మోటారు మూలుగుతోందని చెప్పుకుందామని వెళ్లింది. సీనియర్ అసిస్టెంట్ చిట్టిబాబు ఆవిడని చూసి లేచి కుర్చీ వేశాడు. కరెంటు శాఖ కింద ఆ వారం ఇప్పటికే అర్జీలు వరదలా వచ్చాయనీ, ఇంకోటి చేరితే మండలం పరువు పోతుందనీ, దాన్ని వచ్చే వారానికి పెట్టుకుందామనీ బతిమాలాడు. వైద్యం కింద మాత్రం ఒక్కటీ రాలేదట. చీరలకొట్టువాడు ఇంకోటి చూడండమ్మా అన్నట్టు, ఒంట్లో ఎక్కడైనా నలతగా ఉందా, ఇంట్లో ఎవరికైనా బాలేదా అని తరిచి తరిచి అడిగాడు.

"నాకేం రోగమండి, గుండ్రాయిలా ఉన్నాను," అంది సత్యవేణి. "ఆ మృదులని చూత్తేనే కడుపు తరుక్కుపోతంది. దసరాకి పడిపోయిన పిల్ల, శివరాత్రి వెళ్లిపోయినా లేవలేదు. ఆ డాట్టరు మెళ్లో గొట్టం ఏలాడేసుకుని తిరగడమే గానీ ఒక్కనాడు నాడి పట్టుకున్న పాపాన పోలేదండి."

చిట్టిబాబు వేళ్లు అప్పటికే టైపు చేసేస్తున్నాయి. రోగి పేరు మృదుల, స్థితి అపస్మారకం, సమస్య సరైన వైద్యం అందకపోవడం. ఏ ఊరని అడిగితే ఆవిడ టీవీలోనండి అంది. కంప్యూటర్లో ఆ పేరుతో ఊరు లేదు. అర్జీదారు ఊరే రోగి ఊరని రాసేసి, నంబరు చీటీ చేతిలో పెట్టాడు. ఆ క్షణం నుంచి మృదుల మల్లేపూడి మండలవాసి అయింది.

మర్నాడు మండల వైద్యాధికారి డాక్టర్ అనఘ అంబులెన్స్ మోగించుకుంటూ పిండిమర దగ్గర దిగింది. కోమా కేసని ఆవిడ హడావిడిగా వచ్చింది పాపం. లోపల గోధుమలు తప్ప రోగి లేదు. సంగతి విని కాసేపు నుదురు పట్టుకుని, తహసీల్దారు పరంజ్యోతికి ఫోన్ చేసింది. అసలు రోగే లేదు కదా, వెనక్కి పంపేస్తానంది. పరంజ్యోతి నియమాలు కంఠతా వచ్చిన మనిషి. మాట్లాడినా ఫైలు చదివినట్టే ఉండేది.

"డాక్టరుగారూ, రోగి ఉన్నదీ లేనిదీ నిర్ణయించు అధికారం మనకు దఖలు పడలేదు," అన్నాడు. "దఖలు పడినది పరిష్కరించు బాధ్యత మాత్రమే. సదరు రోగి ఏ సమయమున లభ్యమగునో కనుక్కుని, తదనుగుణంగా హాజరు కండి."

ఏడున్నరకి లభ్యమవుతుందని సత్యవేణి చెప్పింది. సాయంత్రం డాక్టరమ్మ ఆవిడ ఇంట్లో చాపమీద కూర్చుని, సత్యవేణి భర్త వీర్రాజు ఇచ్చిన టీ తాగుతూ రోగిని చూసింది. నివేదిక ఇలా వెళ్లింది: 'రోగిని టీవీ మాధ్యమముగా పరీక్షించడమైనది. ముఖవర్చస్సు ఆరోగ్యవంతుల కన్నా మెరుగుగా ఉన్నది. కాటుక చెదరలేదు. ప్రాణాపాయము కానరాదు. అయితే అత్తగారు సెలైన్ సీసాలో గుర్తు తెలియని ద్రవము కలుపుచుండగా స్వయముగా చూడడమైనది.' ఇలాంటివి కంటపడితే పోలీసులకి చెప్పి తీరాలని వైద్యుల నిబంధన. ఆవిడ చెప్పింది. ఆస్తి తగాదా అని పోలీసులు రెవెన్యూవాళ్లకి రాశారు. కోడలిని హింసించడం గనక వాళ్లు మహిళా సంక్షేమం వాళ్లకి రాశారు.

వారం తిరక్కుండా సత్యవేణికి ఫోన్ వచ్చింది. డాక్టరమ్మ మంచిదేనండి, పిల్ల మటుకు లేవలేదు, అదీ ఒక వైద్యమేనా అందావిడ. అసంతృప్తి అని నమోదైంది. అర్జీ జిల్లాకి ఎక్కింది.

అక్కడి నుంచి యంత్రాంగం కదిలింది. యంత్రాంగం కదలదని ఊరికే అంటారుగానీ, అవసరం లేనిచోట అది కదిలే వేగం చూసి తీరవలసిందే. మహిళా సంక్షేమాధికారి మహారాణీదేవికి కౌన్సెలింగ్ నోటీసు పంపింది. నోటీసు ఆమె చివరిసారిగా కనిపించిన చోట అంటించాలి గనక సత్యవేణి ఇంటి టీవీ కింద అంటించి, పంచనామా రాసి, వీర్రాజు చేత సాక్షి సంతకం పెట్టించారు. సర్వేయరు గంగయ్యని మృదుల మెట్టినింటి ఆస్తి కొలవమన్నారు. టీవీలో కనిపించే ఇంటికి కొలతగొలుసు వేయడం కుదరక ఆయన మిగతా సీరియళ్లు కూడా చూసి మెట్లు, స్తంభాలు పోల్చుకున్నాడు. 'ఒకే భవనంలో నాలుగు ఉమ్మడి కుటుంబాలు ఒకరికొకరు ఎదురుపడకుండా కాపురమున్నవి. నలుగురు కోడళ్లూ అదే మెట్లమీద జారిపడినందున సదరు మెట్లు ప్రమాదకరమైనవిగా ప్రకటించవలెను' అని నివేదించాడు. ఆ నివేదిక జిల్లాలో ఉత్తమ నివేదికగా ఎంపికైంది.

రోగిని అనుదినం పరిశీలించడానికి మండలాఫీసు సమావేశపు గదికి పెద్ద టీవీ మంజూరైంది. సాయంత్రం ఏడున్నరకి తహసీల్దారు, డాక్టరు, సర్వేయరు, ఎస్సై, చిట్టిబాబు తప్పనిసరిగా హాజరు కావాలి. మొదట్లో అందరూ గొణుక్కున్నారు. డ్యూటీ అయ్యాక ఈ శిక్షేమిటని ఎస్సై విసుక్కున్నాడు. తర్వాత్తర్వాత ఏడింటికే వచ్చి ముందు కుర్చీలు పట్టుకోవడం మొదలైంది. సెలవు పెట్టిన రోజున కూడా గంగయ్య రావడం చూసి పరంజ్యోతి ఆయన విధి నిర్వహణని మెచ్చుకుంటూ ఒక మెమో ఇచ్చాడు.

ఇంత జరిగినా మృదుల లేవలేదు, సత్యవేణి సంతృప్తి పడలేదు. రాష్ట్రంలో మిగతా జిల్లాలన్నీ కంప్యూటర్లో పచ్చగా మెరుస్తుంటే ఈ జిల్లా ఒక్క అర్జీతో ఎర్రగా మిగిలింది. జాయింట్ కలెక్టర్ నేరుగా సీరియల్ తీసేవాళ్లకే లేఖ రాశాడు. వాళ్లు ముందు నవ్వుకున్నారట. తర్వాత, నదిలో పాట తీయాలన్నా, రోడ్డుమీద ఫైటు తీయాలన్నా అనుమతి ఇచ్చేది ఈ ఆఫీసులే అని ఎవరో గుర్తుచేస్తే నవ్వడం ఆపేశారు. ఆ గురువారమే మృదుల కళ్లు తెరిచింది.

మండలాఫీసులో పూతరేకులు పంచారు. సత్యవేణి ఇంట్లో తలుపు వేసుకుని, ఎవరూ చూడకుండా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కన్నకూతురు పురుడు పోసుకుని లేచినంత ఆనందపడింది. పది నిమిషాలకి ఫోన్ మోగింది. ముక్కు చీదుకుని ఎత్తి, సంతృప్తిగా ఉన్నారా అన్న ప్రశ్నకి అలవాటైన గొంతుతో జవాబిచ్చింది. అన్ని నెలలు పడుకున్న పిల్ల జడలో పువ్వు వాడకుండా లేచింది, ఇదేం లేవడమండి, తీసేవాళ్లకి చూసేవాళ్లంటే ఎంత లోకువో అని.

జాయింట్ కలెక్టర్ ఇక ముక్కలు ముక్కలుగా లాభం లేదనుకున్నాడు. అర్జీదారుకి ఉన్న అభ్యంతరాలన్నీ ఒకేసారి సేకరించి, ఒకేసారి నివృత్తి చేయమన్నాడు. సత్యవేణిని మండలాఫీసుకి పిలిపించి కుర్చీలో కూర్చోబెట్టి మజ్జిగిచ్చి అడిగారు. తన అభిప్రాయాలు ఒక ప్రభుత్వం కూర్చుని వింటుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. పొద్దున మొదలుపెట్టి భోజనాల వేళ దాకా చెప్పింది. అత్తగారికి మరీ అంత కుళ్లు ఏమిటన్నది. మొగుడు ఒక్కరోజైనా ఉద్యోగానికి వెళ్లడేమిటన్నది. తోడికోడలు తలుపు చాటున నిలబడి వినడం తప్ప వంట చేయదేమన్నది. చిట్టిబాబు అన్నీ టైపు చేశాడు, జాయింట్ కలెక్టర్ సంతకం పెట్టాడు, సీరియల్ వాళ్లు తు.చ. తప్పకుండా అమలు చేశారు.

మహారాణీదేవి మారిపోయి కోడలి కాళ్లకి పసుపు రాసింది. ఆస్తి కూర్చుని సామరస్యంగా పంచుకున్నారు. మొగుడికి బ్యాంకులో ఉద్యోగం వచ్చింది, పొద్దున్నే క్యారేజీ పట్టుకెళ్లి సాయంత్రం తిరిగొస్తున్నాడు. తోడికోడలు వంటగదిలోంచి బయటికి రావడం లేదు. ఇక రోజూ ఏడున్నరకి ఆ కుటుంబమంతా బల్ల చుట్టూ కూర్చుని అన్నం తింటోంది. ఇంకాస్త పప్పు వేసుకో మృదులా అని అత్తగారు అంటోంది. చాలు అత్తయ్యా అని మృదుల అంటోంది.

మొదటి రెండు రోజులూ సత్యవేణి హాయిగానే చూసింది. మూడోనాటికి పిండిమర దగ్గర మోటారు ఆపి నోరు తెరిచింది, చెప్పడానికేమీ లేక మూసింది. వారానికి ఆడవాళ్లు పిండి పట్టించుకుని డబ్బా నెత్తిన పెట్టుకుని వెళ్లిపోవడం మొదలుపెట్టారు. నిన్న ఏమైందని ఎవరూ అడగడం లేదు, ఏమీ కాలేదని అందరికీ తెలుసు. పదిమంది మధ్య మహారాణిలా బతికిన మనిషికి తౌడు, చెరిగిన నూకలు, మోటారు మోతే మిగిలాయి. మృదుల నవ్వుతూ పప్పు వడ్డిస్తుంటే ఆవిడకి దుఃఖం తన్నుకొచ్చేది. మంచాన పడి ఉన్నప్పుడు ఆ పిల్ల తనదిగా ఉండేది. ఇప్పుడు లేచి తిరుగుతూ, తన అవసరం లేకుండా బతుకుతోంది.

మళ్లీ ఫోన్ వచ్చినప్పుడు సంతృప్తి లేదనీ, ముందున్నట్టే ఉంచమనీ చెప్పింది. ఫోన్లో అమ్మాయి, అది కొత్త కోరికండి, కొత్త అర్జీ పెట్టుకోవాలంది. సోమవారం వెళితే ఈ విషయం మీద ఇప్పటికే ఒక అర్జీ నడుస్తోందని కంప్యూటర్ తీసుకోలేదు. ఆ సాయంత్రం తహసీల్దారు స్వయంగా జీపులో పిండిమరకి వచ్చాడు. బుద్ధిగా గోధుమ బస్తా మీద కూర్చున్నాడు.

"అమ్మా, ఒక విషయముపై ఒకే అర్జీ ఉండవలెనని ఉత్తర్వు," అన్నాడు. "పాతది మూతపడినగాని కొత్తది తెరుచుకోదు. అది మూతపడుటకు మీ నోటి నుండి ఒక్క మాట వెలువడాలి. వెలువడిన మరుక్షణం మీరు ఏది కోరినా దానిపై తగు చర్య తీసుకొనబడును."

సత్యవేణి జీవితంలో ఏ హీరోకీ, ఏ పాటగాడికీ ఇవ్వని మాట అది. మొగుడు పెళ్లిచూపుల్లో నచ్చాడా అని అడిగితేనే చూద్దాంలే అన్న మనిషి. కానీ ఆ పిల్ల మళ్లీ మంచాన పడాలి, మరముందు మళ్లీ నలుగురు కూర్చోవాలి. తహసీల్దారు నంబరు కలిపి ఫోన్ చేతికిచ్చాడు. జీపులో వెంట వచ్చిన గంగయ్య, చిట్టిబాబు ఫోన్ దగ్గరికి చెవులు జరిపారు.

"సంతృప్తిగానే ఉందండి," అంది సత్యవేణి.

జిల్లా పచ్చబడింది, రాష్ట్రంలో మొదటి స్థానానికి వచ్చింది. సత్యవేణికి మండలాఫీసులో శాలువా కప్పారు. బస్టాండులో ఆవిడ ఫొటోతో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు, సంపూర్ణ సంతృప్తి పొందిన పౌరురాలు అని రాయించి. ఊళ్లో ఆడవాళ్లు దానికింద నిలబడి నోరు నొక్కుకున్నారు. సత్యవేణికి ఏదో నచ్చిందట అన్న వార్త పక్క ఊళ్లకి కూడా పాకింది. ఆవిడ తలొంచుకుని రెండోవీధిలోంచి తిరిగి వెళ్లడం మొదలుపెట్టింది.

సోమవారం తెల్లారగానే మండలాఫీసు ముందు నిలబడింది. మృదులని మళ్లీ కోమాలో పెట్టాలని చెప్పింది. చిట్టిబాబు వేళ్లు ఆగిపోయాయి. ఎలా అని అడిగాడు. ఇదివరకు లాగేనండి, అత్తగారే ఆ సీసాలో ఏదో కలుపుద్ది, నేనేం కొత్తవి అడగడం లేదంది. చిట్టిబాబు మంచివాడు, కాసేపు తటపటాయించాడు. అర్జీ తీసుకోనంటే తన ఉద్యోగం పోతుంది. తీసుకుంటే ఏ శాఖ కింద వేయాలో కంప్యూటరే చూపించింది. ఆరోగ్యంగా ఉన్న స్త్రీకి విషప్రయోగం చేయించాలన్న కోరిక ఒక్కచోటే ఇముడుతుంది. మీట నొక్కి, మొహం పక్కకి తిప్పుకున్నాడు.

మధ్యాహ్నానికి ఎస్సై ఇద్దరు కానిస్టేబుళ్లతో పిండిమరకి వచ్చాడు. సత్యవేణి మొదట శాలువా తాలూకు ఇంకేదో సన్మానమేమో అనుకుంది. సదరు మృదుల మల్లేపూడి మండలవాసి అని ప్రభుత్వ రికార్డుల్లో ఉన్నదనీ, ఆమె ప్రాణానికి హాని కోరుతూ స్వయంగా అర్జీ ఇచ్చినందున ఇకమీదట బుద్ధిగా ఉంటానని పూచీ రాయించుకుని బైండోవర్ చేయక తప్పదనీ ఎస్సై చదివి వినిపించాడు. అది కథండి బాబూ అని వీర్రాజు అడ్డం వచ్చాడు. కథ అయితే మీరు పంచనామామీద సాక్షి సంతకం ఎందుకు పెట్టారని ఎస్సై అడిగాడు.

బైండోవర్ తహసీల్దారు ముందే జరిగింది. వారం కిందట శాలువా కప్పిన చేతులతోనే పరంజ్యోతి కాగితాలు సర్దుకున్నాడు. అధికారులందరూ మృదుల తరఫు బంధువుల్లా ఒకవైపు కూర్చున్నారు. డాక్టర్ అనఘ అయితే సత్యవేణి వైపు చూడను కూడా చూడలేదు. నిండు ఆరోగ్యంతో ఉన్న ఆడపిల్ల మీద ఎందుకింత కక్షని తహసీల్దారు అడిగాడు.

"కక్షేంటండి, ఆ పిల్ల నా పిల్లండి," అంది సత్యవేణి. కళ్లనిండా నీళ్లొచ్చాయి. "బాగున్నవాళ్ల గురించి నలుగురూ కూచుని ఏం మాట్లాడుకుంటారండి? రోజంతా ఆ మర దుమ్ములో పడుంటాను. ఆ పిల్ల కష్టం చెప్పుకుంటేనే నా దగ్గర పదిమంది కూచునేవోరు. నాకింకేటుంది చెప్పండి?"

చిట్టిబాబు ఒక్కడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పరంజ్యోతి మాత్రం ఈ మాటలు నేరాంగీకారము క్రిందకి వచ్చునని రాసుకుని, ఉత్తర్వు చదివాడు. సత్యవేణి ఇకమీదట మృదుల కంటపడరాదు. మృదుల మాట్లాడేటప్పుడు తరచు ఎదురుగా చూస్తుంది గనక, ఆమె వచ్చే టీవీ ఎదుట సత్యవేణి కూర్చోవడం ఉల్లంఘన అవుతుంది. ఆమె క్షేమసమాచారాలు ఎవరినీ అడగరాదు, ఎవరూ చెప్పరాదు. ఇంట్లో చాటుగా చూసే అవకాశం లేకుండా రోజూ సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది దాకా మండలాఫీసు వరండాలో హాజరు ఉండాలి. మృదుల ఇప్పుడు ప్రభుత్వ రక్షణలో ఉన్నందున అధికారుల అనుదిన పరిశీలన మాత్రం యథావిధిగా కొనసాగుతుంది.

అప్పటినుంచి సత్యవేణి రోజూ ఏడింటికి వరండాలో బల్లమీద కూర్చునేది. కాపలాకి అటెండర్ కోటయ్య కర్ర పట్టుకుని నిలబడేవాడు. ఏడున్నర కాగానే సమావేశపు గది తలుపులు మూసేవారు. లోపలినుంచి టైటిల్ పాట, గిన్నెల చప్పుడు, పప్పు కావాలా అన్న మాట వినిపించేవి. విరామంలో అధికారుల గొంతులు లేచేవి. కథలో పట్టు పోయిందని గంగయ్య అనేవాడు. ఆ మొగుడు వేషగాడికి నటన రాదని ఎస్సై అనేవాడు. నేపథ్య సంగీతము హృద్యముగా లేదని పరంజ్యోతి అనేవాడు. ఒక్కొక్కరి అభిప్రాయం వింటుంటే సత్యవేణికి పెదాలు దురద పెట్టేవి. ఒళ్లో చేతులు పెట్టుకుని గోడకేసి చూసేది. పప్పు సంగతే కదా, పోయిందేముందిలే అని సర్దిచెప్పుకునేది.

అర్జీ మూతపడ్డాక సీరియల్ వాళ్లని అడిగేవాళ్లు లేరన్న సంగతి వాళ్లకి తెలియడానికి కొంతకాలం పట్టింది. చూసేవాళ్లు తగ్గిపోయారన్న సంగతి మాత్రం వెంటనే తెలిసింది. ఒక శుక్రవారం సాయంత్రం లోపల ఎప్పట్లాగే గిన్నెల చప్పుడవుతోంది. ఉన్నట్టుండి ఏదో భళ్లున పగిలింది. ఆ వెంటనే ఛెళ్లున ఒక చెంపదెబ్బ వినిపించింది. మోగిన సంగీతానికి కిటికీ అద్దాలు అదిరాయి. అధికారులందరూ ఒక్కసారిగా హా అన్నారు, కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడయింది.

సత్యవేణి బల్లమీంచి లేచిపోయింది. కోటయ్య కర్ర అడ్డం పెట్టాడు. ఎన్ని నెలలకో ఆ ఇంట్లో ఏదో జరిగింది, తను లేకుండా జరిగింది.

"ఎవరు కొట్టారు కోటయ్యా? అత్తా, కోడలా?" అంది. "ఆ ఒక్క ముక్క చెప్పు బాబూ, ఇంకేం అడగను."

కోటయ్య తలుపు సందులోంచి లోపలికి చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు. కర్ర మాత్రం అడ్డం తీయలేదు.

"చెప్పకూడదని ఆర్డర్లో రాశారండి," అన్నాడు, ఇటు తిరక్కుండానే.

ఎనిమిదింటికి తలుపులు తెరుచుకున్నాయి. అధికారులు మొహాలు ఎర్రబడి, ఒకరి మాట ఒకరు వినకుండా వాదించుకుంటూ బయటికొచ్చారు. సత్యవేణిని చూడగానే అందరూ నోళ్లు మూసుకున్నారు. పరంజ్యోతి హాజరు సంతకం పెట్టించుకుని, జాగ్రత్తగా వెళ్లమ్మా అని చెప్పి జీపెక్కాడు. ఆవిడ ఇల్లు చేరేదాకా దారిపొడవునా అరుగులమీద ఆడవాళ్లు గుంపులు గుంపులుగా కూర్చుని మాట్లాడుకుంటున్నారు. ఆవిడ దగ్గరికి వచ్చేసరికి మాటలు ఆపేశారు.